పలకకు రెండు ముఖాలు

అచ్చుతో సంబంధమున్న ఏ పనినైనా తెలుగు పంతులు ఓరకంట చూడక మానడు. ఆస్ట్రియాలో జన్మించిన పాల్ ఐస్లర్ 1936 ప్రాంతంలో లండనులో, తీగలకు బదులు పలకపై అచ్చొత్తిన రాగిగీతలతో రేడియో చేశాడని తెలిసిన నాటినుండి, మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సర్క్యూట్ బోర్డులు తయారయ్యే సాయంత్రాలలో నాకూ ఒక ముక్కాలిపీట ఉంది.

ఒకవైపే రాగి ఉన్న పలకతో చిక్కు లేదు. గీతలు ఒకదానినొకటి దాటవలసి వచ్చినప్పుడే రెండవ ముఖం అవసరమవుతుంది. అప్పుడు పైగీతను క్రిందిగీతతో కలపాలి. కర్మాగారంలోనైతే రంధ్రపు గోడలకు రసాయనాలతో పలుచని రాగిపూత పట్టించి, పిమ్మట విద్యుత్తుతో దానిని మందం చేస్తారు. ఇంట్లో ఆ వైభవం లేదు. 1.6 మిల్లీమీటర్ల మందం గల పలకకు 0.8 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, రెసిస్టరు కాళ్ళు కత్తిరించగా మిగిలిన తీగముక్కను దూర్చి, కొనలు వంచి, రెండు వైపులా టంకం వేయాలి. వంచకపోతే ఒకవైపు వేడి తీగవెంట పోయి రెండవవైపు టంకాన్ని కరిగిస్తుంది, తీగ జారిపోతుంది.

రెండు ముఖాల గీతలూ సరిగా ఎదురెదురు పడాలి. మన సంచికలో ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి మొదలై మధ్యలో కలుసుకొంటాయి కదా, ఇదీ అటువంటిదే. అయితే పోలిక అంతవరకే. పుస్తకంలో కుట్టు కొంచెం తప్పినా చదువుకోవచ్చు. ఇక్కడ అరమిల్లీమీటరు తప్పితే రంధ్రం రాగిని వదిలి పోతుంది.

ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె, వినికిడి కోల్పోయిన తన దాదీకోసం, తలుపుగంటకు ఎర్రదీపం, కుక్కరు కూతకు పచ్చదీపం వెలిగే పరికరం చేసింది. ప్రయోగశాలలో చక్కగా పనిచేసింది. ఇంటికి తీసుకొనిపోగా ఎర్రదీపం వెలగలేదు. మందులు తెచ్చిన కుర్రవాడు గంట నొక్కి నొక్కి వెనుదిరిగాడట.

పటం పంపితే సిద్ధపు పలకలు చవకగానే వస్తాయి కదా అన్నారొకరు. ఆమె వినలేదు. మల్టీమీటరు పట్టి పంతొమ్మిది సంధులనూ వరుసగా పరీక్షించింది. పదహారవచోట తీగకు బదులు ఐ.సి. సాకెట్టు కాలునే సంధిగా వాడారు. సాకెట్టు దేహం పైముఖాన్ని కప్పివేయడంచేత అక్కడ టంకం అంటలేదు. కాలు రాగిని ఊరికే తాకుతూ ఉంది. బల్లమీద ఉన్నంతకాలం తాకింది, ఆటో కుదుపుకు విడిపోయింది. పూర్తిగా తెగిన సంధి మొదటినాడే దొరుకుతుంది. ఇటువంటి అరకొర తాకిడే మనిషిని మోసగిస్తుంది.

సాకెట్టుకు ఆవల, ఆ రెండు గీతలూ ఒకదానిపై ఒకటి వచ్చేచోట కొత్త రంధ్రం తొలిచి, తీగ దూర్చి, టంకం వేసింది. పలకను వేలితో తట్టి, అటూయిటూ కొంచెం వంచి చూసిన పిమ్మటనే పెట్టెలో బిగించింది. ఇప్పుడు ఎర్రదీపం వెలుగుతున్నది. పచ్చదీపాన్ని మాత్రం దాదీ లక్ష్యపెట్టదట. పప్పు ఉడికిన వాసన తనకు చాలునంటుందట.