నాయకుడు అడిగిన గుర్రాలు

రాహుకేతు పూజల రద్దీ తప్పించుకుని శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ ఇంటికి వెళ్లాను. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ఒక పెద్దాయన వెదురు కలంతో గీత లాగుతున్నాడు. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లే సిరా. లేతగా పడిన గీత చూస్తుండగానే నల్లబడింది.

యూరప్ కంపెనీలు మన తీరానికి దిగింది ఇలాంటి గుడ్డల కోసమే. ఇండోనేషియా దీవుల్లో మసాలా దినుసులు కావాలంటే చేతిలో మన తీరపు గుడ్డ ఉండాలి. గుడ్డ ఎవరి చేతికొస్తే వ్యాపారం వాళ్లది. అక్కడ రాజుకున్న తగువు ఎక్కడ తేలిందో చూద్దామని తడ బస్సెక్కాను. వరదయ్యపాళెం దాటాక కిటికీలోంచి ఉప్పుగాలి. అక్కణ్ణించి పొన్నేరి మీదుగా పులికాట్.

ఇక్కడ డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఇప్పుడు చూడ్డానికి మిగిలింది వాళ్ల శ్మశానమే. గుమ్మం స్తంభాలకు చెక్కిన అస్థిపంజరాలు మాత్రం భలే హుషారుగా ఉన్నాయి! ఇంగ్లీషువాళ్లు ఇక్కడ డచ్చివాళ్ల పక్కన ఇమడలేక 1626లో ఉత్తరాన దుగరాజపట్నం చేరారు. అదీ అచ్చిరాలేదు.

అప్పుడు వాళ్లను పిలిచింది మనవాళ్లే. కాళహస్తి దామెర్ల వంశానికి చెందిన వెంకటాద్రి నాయకుడు, ఆయన తమ్ముడు అయ్యప్ప. 1639 ఆగస్టులో ఇంగ్లీషు కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి మద్రాసు ఇసుకనేల ఇచ్చారు. ఉత్తరాన డచ్చివాళ్లు, దక్షిణాన శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్లు. మధ్యలో మూడోవాడిని కూర్చోబెట్టడం. తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం.

బదులుగా నాయకుడు ఏమడిగాడో కంపెనీ ఉత్తరాల్లో ఉంది: పర్షియా గుర్రాలు, బెంగాల్ నుంచి డేగలు, కోతులు, చిలకలు, చివరగా, ఇరుగుపొరుగు నాయకులు మీదికొస్తే తలదాచుకోవడానికి ఒక గట్టి కోట. చిలకలకు ఊరమ్ముకున్నాడని నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వలేను. జాబితాలో అసలు బరువు ఆ చివరి కోరికది. పొరుగువాడంటే భయం ఉన్నవాడికి సముద్రం మీంచి వచ్చినవాడు దూరపు చుట్టంలా కనిపిస్తాడు.

మద్రాసులో లేచిన ఆ కోటే తర్వాత యుద్ధాన్ని పిలిచింది. ఆస్ట్రియా సింహాసనం గొడవలో యూరప్‌లో ఫ్రెంచి, ఇంగ్లీషువాళ్లు తలపడితే, 1746లో ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్డొనే ఓడలు మద్రాసును పట్టుకున్నాయి. 1748 సంధిలో అమెరికా ఖండంలోని లూయీబర్గ్ కోటకు బదులుగా దాన్ని ఇంగ్లీషువాళ్లకు తిరిగిచ్చారు. ఆ బేరంలో దామెర్లవారి ఊసే లేదు.

1760 జనవరిలో ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్ చేతిలో ఫ్రెంచి సేనాని లాలీ ఓడిపోయి, దక్షిణాదిన ఫ్రెంచివాళ్ల ఆట కట్టిన చోటు వందవాసి. వెంకటాద్రి నాయకుడి సొంత ఠాణా అదే. పులికాట్‌లో అక్కడికి దారి అడిగితే, చెన్నై వెళ్లి బస్సు మారమన్నారు.