యాభైయేడుకి నా వీరతాళ్ళు

పొద్దున లేచింది మొదలు రాత్రి పక్కలు పరిచేదాకా ఇంట్లో మనం ఎన్ని వేషాలు వేస్తాం చెప్పండి! ఒక్కదానికైనా ఎవరైనా బహుమతి ఇచ్చారా? అందుకేనేమో, ఎవరో ఎవరికో అవార్డులిస్తుంటే మనకే ఇచ్చినంత సంబరపడతాం. మనకి నచ్చినవాళ్ళకి రాకపోతే మన సొమ్మే ఎగ్గొట్టినంత కోపం తెచ్చుకుంటాం.

2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులిచ్చింది. ఉత్తమ నటి నివేదా థామస్ అనగానే నాకెంతో బాగుందనిపించింది. '35 - చిన్న కథ కాదు'లో ఆవిడ వేసింది కొడుకు కోసం తనే లెక్కలు నేర్చుకునే ఇల్లాలి వేషం మరి. అంతటితో ఊరుకోలేదు. 2014 నుంచి 2023 దాకా గడిచిపోయిన ఏళ్ళకు కూడా ఉత్తమ చిత్రాలని ఏరి బహుమతులిచ్చారు. అప్పుడే నాకీ ఆలోచన తట్టింది. వెనక్కి వెళ్ళడమంటూ మొదలుపెట్టాక పదేళ్ళ దగ్గర ఆగడమెందుకు? ఇంకాస్త వెనక్కి, 1957 దాకా వెళ్ళకూడదూ?

1957యే ఎందుకంటారా? ఆ ఒక్క ఏడాదిలో ఎన్ని సినిమాలొచ్చాయో చూడండి. జనవరిలో 'తోడికోడళ్ళు', మార్చిలో 'మాయాబజార్', మే నెలలో 'సువర్ణసుందరి', నవంబరులో 'పాండురంగ మహాత్మ్యం'. మధ్యలో 'భాగ్యరేఖ', 'ఎమ్మెల్యే', ఇంకా ఎన్నో. ఇన్ని వచ్చినా బహుమతులిచ్చే నాథుడేడీ? నంది అవార్డులు మొదలైంది 1964లో. కేంద్రం వాళ్ళు బి.ఎన్. రెడ్డిగారి 'భాగ్యరేఖ'కి తెలుగులో ఉత్తమ చిత్రమని పతకమిచ్చారు గానీ, నటీనటులకు జాతీయ బహుమతులు 1967 సినిమాలతో గాని మొదలు కాలేదు. అంటే సావిత్రి ఎంత బాగా చేసినా, రంగారావు ఎంత బాగా చేసినా పతకం ఇచ్చే పద్ధతే లేదన్నమాట. ఆ బాకీ తీర్చడానికి నేను నడుం బిగించాను.

బహుమతి పేరు వెతుక్కోనక్కర్లేదు. 'మాయాబజార్'లోనే ఉంది. ఘటోత్కచుడి కొలువులో మెచ్చుకోవలసిన పని ఎవరు చేసినా వీరతాడు వేస్తారు చూడండి, అదే. ఖర్చు కూడా తక్కువ!

న్యాయనిర్ణేతలు ముగ్గురం. నేనూ, ఎనభై నాలుగేళ్ళ మా అత్తమ్మా, బోధన్ శక్కర్‌నగర్‌లో చాలాకాలం ఉండి వచ్చిన మా ఆడబిడ్డా. షరతు ఒకటే. సినిమా మళ్ళీ ఒకసారి చూశాకే ఓటు వెయ్యాలి, పాత జ్ఞాపకం మీద వెయ్యకూడదు. తెలుగు సినిమాలే అని కూడా ముందే రాసుకున్నాం. మా నిజామాబాదు వైపు హిందీ సినిమాలంటే చెవి కోసుకునేవాళ్ళు ఎక్కువ. 'మదర్ ఇండియా', 'ప్యాసా' వచ్చింది కూడా ఆ ఏడాదే. తలుపు కొంచెం తెరిచి ఉంచితే నర్గీస్ వచ్చి సగం తాళ్ళు పట్టుకుపోతుంది.

ఉత్తమ చిత్రం 'మాయాబజార్'. ఇందులో వింతేముందీ అంటారేమో. నిజమే, లోకమంతా ఇచ్చిన తీర్పే. అయితే నా కారణం వేరు. మంత్రాలూ మాయలూ పక్కన పెట్టి చూడండి. అది అచ్చంగా మన ఇళ్ళలో జరిగే కథ. మేనల్లుడికి పిల్లనిస్తామని చిన్నప్పుడే మాట అనుకున్నారు. మేనల్లుడి తండ్రులు రాజ్యం పోగొట్టుకున్నారు. అంతే, మేనమామ భార్య రేవతి మొహం మారిపోయింది. రాజ్యం ఉన్నప్పటి పలకరింపు వేరు, పోయాక పలకరింపు వేరు. ఛాయాదేవి ఆ తేడా ఎంత బాగా చూపించిందనుకున్నారు! పాండవుల మీదే కథంతా నడుస్తుంది, పాండవులు మాత్రం తెరమీద ఒక్కసారైనా కనబడరు. ఆస్తి పోయిన బంధువులు పెళ్ళిళ్ళలో కనబడకపోవడం మనకి కొత్తా? కె.వి. రెడ్డిగారు అలా అనుకుని తీశారో లేదో గానీ నాకు మాత్రం అలాగే తోచింది.

ఉత్తమ నటి దగ్గర పోటీయే లేదు. పేరు సావిత్రి. ఏ సినిమాకి అన్నదే తగాదా. ఆడబిడ్డ 'తోడికోడళ్ళు' అంది. నేను మాయా శశిరేఖ అన్నాను. పైకి సుకుమారమైన పిల్ల, లోపలున్నది రాక్షసుడు. రంగారావుగారి చూపూ, నడకా, ఆ దర్జా అన్నీ తన ఒంట్లోకి తెచ్చుకుని, అవతలివాళ్ళు చూడగానే మళ్ళీ సిగ్గులొలికే పెళ్ళికూతురైపోవాలి. లక్ష్మణకుమారుడు రేలంగిని ఆవిడ హడలగొట్టే చోట మా అత్తమ్మ బోసినోరు మూసుకోవడం మరిచిపోయి నవ్వింది. ఆ నవ్వుతోనే తగాదా తీరిపోయింది.

ఉత్తమ నటుడి విషయంలో మాత్రం అత్తమ్మ ఒక పట్టాన దిగిరాలేదు. "పాండురంగని సినిమాకు ఇయ్యకుంటే నేను జడ్జిగ ఉండ" అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. మా ఇందూరు వైపు పండరి భజనలంటే ప్రాణం పెడతారు. తల్లిదండ్రులను కాదన్న పుండరీకుడు పశ్చాత్తాపంతో కుమిలిపోతుంటే చూసి ఊరుకోగలరా? "రామారావు గట్ల ఏడుస్తుంటే మేమందరం ఏడ్సినం. టాకీసుల నుంచి బయటికచ్చినంక సుత ఆగలే" అంది. నా ఓటు రంగారావుకి. ఒకే ఏడాదిలో అటు ఘటోత్కచుడు, ఇటు 'తోడికోడళ్ళు'లో ఇంటి బరువంతా మోసే పెద్దమనిషి, లాయరు కుటుంబరావు. అక్కడ అడుగు వేస్తే నేల అదరాలి. ఇక్కడ గొంతు పెంచితే ఇల్లు చెదరాలి. రెండూ ఒక్కరే చేశారంటే కొత్తగా చూసేవాళ్ళు నమ్ముతారా? చివరికి రెండు తాళ్ళు పేనాం. రామారావుకి ఒకటి, రంగారావుకి ఒకటి. అత్తమ్మ ఇటు తిరిగింది.

సంగీతానికి 'సువర్ణసుందరి' చేసిన ఆదినారాయణరావుగారు. ఘంటసాల, జిక్కి కలిసి పాడిన ఆ యుగళగీతంలో సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ నాలుగు రాగాలూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి. ఉత్తమ నిర్మాత కూడా ఆ ఇంట్లోనే ఉంది. ఆయన భార్య అంజలీదేవి! తెరమీద కథానాయికా ఆవిడే, తెరవెనక కంపెనీ పేరూ అంజలీ పిక్చర్సే. 1957లో ఆడమనిషి పేరు మీద కంపెనీ నడవడం, ఆ సినిమా ఊరూరా ఆడడం చిన్న సంగతా? మాలో చాలామందికి ఇప్పటికీ కరెంటు బిల్లు మీద కూడా మన పేరుండదు.

ఛాయాగ్రహణం తాడు మార్కస్ బార్‌ట్లీగారిది. నావ పాటలో ఆయన కురిపించిన వెన్నెల నలుపు తెలుపుల్లోనే చల్లగా తగులుతుంది. 2010లో 'మాయాబజార్'కి రంగులు వేసి విడుదల చేశారు. బాగుంది, కాదనను. వెన్నెల వరకూ మాత్రం నాకు పాతదే కావాలి. మాటలకి పింగళి నాగేంద్రరావుగారు. వీరతాడు అన్న మాటని మనకి అలవాటు చేసిందే ఆయన కదా, ఆయన సొమ్ము ఆయనకే ముట్టజెప్పాం.

'ఎమ్మెల్యే' సినిమాకి ప్రత్యేకంగా ఒక చిన్న తాడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరుసటేడు వచ్చిన ఆ సినిమాలో కొత్త రాజధాని హైదరాబాదు చుట్టూ తిప్పుతూ ఆరుద్రగారొక పాట రాశారు. ఘంటసాలతో కలిసి ఎస్. జానకి పాడారు. తెలుగు సినిమాల్లో జానకిగారి గొంతు మొదట వినబడింది ఆ సినిమాలోనే. "అప్పటిదాక మేం పట్నం ముఖం ఎరుగం. పాటలనే చూసినం" అంది అత్తమ్మ.

ఇక మిగిలింది సహాయ నటి. అసలు ఈ జాబితా అంతా రాసింది ఈ ఒక్కదాని కోసమే అనుకోండి.

'తోడికోడళ్ళు' శరత్‌బాబు 'నిష్కృతి' ఆధారంగా ఆదుర్తి సుబ్బారావుగారు తీసింది. ఉత్తమ దర్శకుడి తాడు ఆయనకే వేశాం. ఉమ్మడి కుటుంబం. పెద్దకోడలు కన్నాంబ, నడిమి కోడలు సూర్యకాంతం, చిన్నకోడలు సావిత్రి. పెద్దావిడ సహనం, చిన్నావిడ మంచితనం చూసి మనం కళ్ళు తుడుచుకోవాలి. మధ్యావిడని చూసి తిట్టుకోవాలి. ఆ ఏడాదే 'భాగ్యరేఖ'లో కూడా పాపం జమునను రాచిరంపాన పెట్టింది సూర్యకాంతమే. ఎంత బాగా చేస్తే అంతగా తిట్లు తినే ఉద్యోగం ఆవిడది. తెలుగువాళ్ళు ఆడపిల్లకి ఆ పేరు పెట్టడం మానేశారని చెప్పుకునేంతగా చేసిందంటే ఇంకేం కావాలి? సెట్టు మీద మాత్రం ఇంటినుంచి వండి తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేదని ఆవిడతో పనిచేసినవాళ్ళెందరో చెప్పారు.

మా అత్తవారింట్లో కూడా ముగ్గురు కోడళ్ళే. మా వైపు తోడికోడలిని యారాలంటారు. మా అత్తమ్మ అందరిలోకి చిన్నది. ఆ సినిమా నిజామాబాదుకి వచ్చినప్పుడు యారాళ్ళు ముగ్గురూ ఇందల్వాయి స్టేషన్లో పాసింజరెక్కి వెళ్ళి చూసొచ్చారట. తిరుగుబండిలో నవ్వులాటకి పేర్లు పంచుకున్నారు. పెద్దామె కన్నాంబ, చిన్నామె సావిత్రి, నడిపామెకి మిగిలింది సూర్యకాంతం. మొదటి రెండు పేర్లూ డిచ్‌పల్లి దాటేలోపే అందరూ మరిచిపోయారు. మూడోది మాత్రం బండి దిగి వాళ్ళతోపాటు ఇంటికొచ్చింది. ముప్ఫయ్యేళ్ళు కదలలేదు.

ఎందుకు కదలలేదో నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. నడిపి మామయ్య చెరకు ఆడే నెలల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేవాడు. అక్కడే ఏ కొట్టంలోనో పడుకుని, తనే వండుకు తిని, సీజను అయ్యాక డబ్బు తెచ్చి ఉమ్మడి పెట్టెలో వేసేవాడు. ఒక ఏడు నడిపత్తమ్మ, "మా ఆయన తెచ్చిన పైసలు ఎటు పోయినయి?" అని అడిగింది. అడిగింది అంతే. ఇంట్లో పెద్దలందరూ ఒక్కటైపోయారు. సూర్యకాంతం అనిపించుకుంది ఊరికే కాదని ముద్ర వేశారు. అదే మాట మగవాడు అడిగుంటే లెక్క తెలిసినవాడనేవారు.

ఆవిడ ఊరుకోలేదు. భూములు పంచుకునేటప్పుడు నోటిమాట కుదరదని, ఎవరిది వారికి కాగితం మీద రాయాల్సిందేనని పట్టుబట్టింది. తన వాటా ఒక్కటే రాయించుకుని లేచి పోలేదు, చిన్నవాళ్ళదీ రాసేదాకా అక్కడే కూర్చుంది. మావారిని నిజామాబాదులో చదివించింది ఆ భూమే.

నడిపత్తమ్మ పోయి పదిహేనేళ్ళయింది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడ పలికేది కాదు, కోప్పడేదీ కాదు. ఆవిడ భర్త నాలుగు డబ్బులు సంపాదించిన ఫ్యాక్టరీ కూడా 2015లో మూతపడింది.

మొన్న ఓటు కోసం సినిమా మళ్ళీ వేసుకుని చూస్తున్నాం. సూర్యకాంతం గొంతు పెంచిన చోట మేం మామూలుగా నవ్వాం. అత్తమ్మ నవ్వలేదు. సినిమా అయ్యాక చాలాసేపు చేతివేళ్ళకేసి చూసుకుంటూ కూర్చుంది. "లొల్లి ఆమె పెట్టుకున్నది. పట్టా నాకు సుత అచ్చింది. మంచిదాన్నన్న పేరు నాకే అచ్చింది" అంది. కాసేపాగి, "గామెకు ఇయ్యుండ్రి. పెద్ద తాడు ఇయ్యుండ్రి" అంది.

ఏ సూర్యకాంతానికి అని మేం అడగలేదు. సినిమాలో అనసూయ గయ్యాళే, సందేహం లేదు. కానీ అలాంటి ఇంట్లో లెక్క అడగడానికి గయ్యాళి తప్ప ఇంకెవరున్నారు? సూర్యకాంతంగారు ఆ వేషాన్ని సగం సగం మనసుతో వేసి ఉంటే మనం ఏనాడో మరిచిపోయేవాళ్ళం. ఆవిడ ఒక్క పిసరు కూడా తగ్గించకుండా, ఒళ్ళు దాచుకోకుండా వేసింది. 1962లో విజయావాళ్ళు రామారావునీ నాగేశ్వరరావునీ పెట్టుకుని కూడా సినిమాకి గుండమ్మ పేరు పెట్టారంటే ఊరికే పెట్టారా?

కాబట్టి 1957కి ఉత్తమ సహాయ నటి సూర్యకాంతం. ఓట్లు మూడుకి మూడు. ఒకటి కాదు, రెండు వీరతాళ్ళు. రెండోది ఎవరి కోసమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇదండీ నా జాబితా. మీకు నచ్చకపోతే మీరూ ఒక ఏడు పట్టుకుని అత్తగారినీ, ఆడబిడ్డనీ కూర్చోబెట్టుకుని తాళ్ళు పేనుకోండి. అరవై రెండు తీసుకుంటారో, అరవై మూడు తీసుకుంటారో మీ ఇష్టం. ఏ ఏడు తీసుకున్నా గయ్యాళి వేషం దగ్గరికొచ్చేసరికి మాత్రం కొంచెం నిదానించండి. ఆ వేషానికి మీ ఇంట్లో ఎవరి పేరు పెట్టారో, ఆవిడేం అడిగితే పెట్టారో ఒక్కసారి మీ అత్తగారిని అడిగి చూడండి.