మైనర్ ఫికర్

2023లో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. వేంపల్లె నుంచి మా భాంజీ ఫోన్ చేసింది. "మామూ, మేజర్ హిస్టరీ. మైనర్ ఏం తీసుకోవాల?"

మా జమానాలో ఈ ఫికర్ లేదు. హెచ్‌ఈపీలో చేరితే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానమే. ఆ కొత్త పద్ధతిలో మేజర్ ఒక్కటే, రెండో సెమిస్టర్ నుంచి మైనర్. ఇంట్లో మషువరా అంతా మేజర్ మీదే. మైనర్ మాత్రం సహేలీలు ఏది తీసుకుంటే అది! పిల్లకేమో టీచర్ కావాలని ఆర్జూ. బీఈడీలో మెథడాలజీ డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టే ఉంటుంది. ముందు ఆ అర్హతలు చూసి, తర్వాత మైనర్ ఎంచుకోమన్నా. సెకండ్ లాంగ్వేజ్ ఉర్దూ అట, దిల్ ఖుష్ అయింది. (కాలేజీలో ఉర్దూ సార్ ఉన్నాడో లేడో కూడా కనుక్కోమన్నా.)

అసలు పరేషాన్ ఆపాతో. "రెండేండ్లయినాక నికా చేస్తాంరా. ఆఖరి సంవత్సరం ఇంట్లోనే చదువుకొని పరీక్షలు రాసుకుంటాది."

ఆపా, ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. బయటికి పోయి చేయాల. ఆ క్రెడిట్లు రాకుంటే డిగ్రీ రాదు. రిష్తా వచ్చినప్పుడు మెహర్ మాట్లాడుకునే చోటే ఈ మాటా మాట్లాడుకోండి.

ఆపా కాసేపు ఖామోష్. తర్వాత మెల్లగా అడిగింది: "ప్రొద్దుటూరులో చేయొచ్చునా అది?"