బస ఎక్కడ?

తిరుపతిలో గది వెతికేవాళ్ల లెక్క తేలిక. రైలు దిగితే ఎదురుగా విష్ణునివాసం, బస్సు దిగితే శ్రీనివాసం, రెండూ టీటీడీవే. స్వామి దర్శనానికి వచ్చినవాళ్లకు గది సోకులెందుకు?

అదే, చిత్తూరు దంపతులెవరైనా అమెరికాలో కొడుకు దగ్గరికెళ్లి లాస్ వేగాస్ చూడాలనుకుంటే కథ మారుతుంది. అక్కడ హోటళ్లే చూడాల్సిన వింతలు. 1993లో పిరమిడ్ ఆకారంలో లక్సర్ లేచింది. 1999లో వెనీషియన్ ఏకంగా భవనంలోనే కాలువ కట్టి పడవలు తిప్పింది. అదే ఏడాది ప్యారిస్ హోటల్ సగం ఎత్తు ఐఫిల్ టవర్‌ను నిలబెట్టింది. జూదం హాలు మాత్రం అన్నిట్లోనూ ఉంది!

అయితే ఈ వింతలు చూడ్డానికి అక్కడే దిగనక్కర్లేదు, బయటివాళ్లూ లోపలికెళ్లి తిరగొచ్చు. కాబట్టి పెద్దవాళ్లుంటే, హోటల్ ఎంచుకునేటప్పుడు హంగుకన్నా నడక తగ్గడమే ముఖ్యం.

గది అద్దెకు తోడు చాలాచోట్ల రోజువారీ రిసార్ట్ ఫీజు ఉంటుంది. దాన్ని కలిపిన ధరే ముందుగా చూపాలని 2025 మే నుంచి అమెరికాలో నిబంధన. బుక్ చేసేముందు ఆ మొత్తాన్నే చూసుకోండి.