ఎండకు లొంగే తీపి

బుక్కపట్నం అంగట్లో కొనుక్కునే డైరీ మిల్క్‌ను ఇంగ్లీషువాళ్ల సరుకు అనడానికి నాకు మనసొప్పదు. పుట్టుక అక్కడిదే, కాదనను. 1824లో జాన్ క్యాడ్బరీ బర్మింగ్‌హామ్‌లో టీ, కాఫీ, కోకో అమ్మే అంగడి పెట్టాడు. కొడుకులు 1879లో ఊరి బయట బోర్న్‌విల్‌లో ఫ్యాక్టరీ కట్టారు. అప్పట్లో పాల చాక్లెట్ అంటే స్విట్జర్లాండ్‌దే పేరు. వాళ్లను మించాలని పాలు దండిగా పోసి, 1905లో డైరీ మిల్క్ తెచ్చారు.

దొరలు పెట్టేబేడా సర్దుకున్న మరుసటి ఏడే, 1948లో, ఆ కంపెనీ మన దేశంలో దిగింది. మొదట సరుకంతా సీమ నుంచే. ఆ తర్వాత కోకో చెట్టు కేరళలో వేళ్లూని, మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడకూ చేరింది. కాయ పగలగొడితే పైన తెల్లటి తీయని గుజ్జు, లోపల చేదు గింజ. ఆ గింజల్ని గుజ్జుతో సహా కొన్ని రోజులు పులియబెట్టి ఎండబెడితేగానీ మనకు తెలిసిన ఆ వాసనకు పునాది పడదు. ఇప్పుడు కోకో దిగుబడిలో దేశానికి ఆంధ్రప్రదేశే ముందు. క్యాడ్బరీని ఏలుతున్న మాండెలీజ్ 2016లో మన శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ తెరిచింది. ఇంకా పరాయిదంటే ఎలా?

కాకపోతే రాయలసీమ ఎండ మాత్రం దానికి అలవాటు కాలేదు. కాగితం వెనక చదివితే ముందు చక్కెర, తర్వాత పాల పదార్థాలు, ఆపైనే కోకో వెన్న, కోకో పొడి. కిటుకంతా ఆ వెన్నలో ఉంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే అది 34 దగ్గరే కరుగుతుంది. నాలుక మీద పెట్టగానే జారిపోయే సుఖం అందుకే. మా ఊళ్లో ఏప్రిల్ ఎండ 40 దాటితే ఆ పని జేబులోనే అయిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గట్టిపరిచినా వెన్న మునుపటిలా పేరుకోదు, పైన తెల్లటి పొర కడుతుంది. పిల్లలు బూజనుకుని పారేస్తారు గానీ, తింటే ఏమీ కాదు, పోయేది నునుపే.

బెల్లంపాకం పట్టిన శనక్కాయ ఉండకు ఈ బాధ లేదు. అందుకే నాదొక పద్ధతి: శివరాత్రి నుంచి మృగశిర కార్తె దాకా ఉండలు, తక్కిన కాలం డైరీ మిల్క్. అనంతపురం రైతుకూ గోదావరి రైతుకూ, ఇద్దరికీ గిట్టుబాటు కావాలి కదా!