నాలుగు పరకలు, ఒక జెల్ల

"అన్నా, ఆదివారమంత ఫోన్ ఎత్తలే, ఏడికి వోయినవ్?" అని ముగ్గురు నలుగురు అడిగిన్రు. చేపలకు పోయిన తమ్మీ, మున్నేరుకు. నేను, మా చిన్నాయిన, హాస్టల్ల చదివే ఇద్దరు పిలగాళ్ళు. నాలుగు గాలాలు, ఒక డబ్బా ఎర్రలు. పొద్దుగాల ఆరింటికి కూసుంటే మాపటిదాక పడ్డవి నాలుగు పరకలు, ఒక జెల్ల. అన్నీ కలిపినా పావుకిలో తూగవు.

అయినా ఈ మధ్య నేను ఇంత నవ్విన రోజు యాదికి లేదు.

2024 సెప్టెంబర్ల ఖమ్మం బస్తీలను ముంచిన ఏరు ఇదేనా అన్నట్టుంది. మేం కూసున్న కాడ మోకాలు లోతే. బెండు కదిలితే చాలు, నలుగురం ఊపిరి బిగబట్టుడు. గుంజితే ఉత్త గాలం, ఎర్ర మాయం. "చేపలకు బువ్వ పెట్టనీకి వచ్చినట్టున్నం రా" అని చిన్నాయిన ఒకటే నవ్వు. జెల్ల పడ్డప్పుడు మాత్రం పిలగాళ్ళను ముట్టనియ్యలే. దాని ముల్లు గుచ్చుకుంటే ఆ సలుపు తట్టుకోలేం. ముందుగాల ముళ్ళు విరిచి, తర్వాతనే గాలం ఊడదీసిండు.

"తాతా, నీ చిన్నప్పుడు మస్తు పడేటియా?" అని ఒక పిలగాడు అడిగిండు.

"పడకుంటే ఇంటికి వోబుద్ధి అయ్యేది కాదు బిడ్డా" అన్నడు.

చిన్నాయిన పదేండ్లకే ఆసామి దగ్గర జీతానికి కుదిరిండు. గొడ్లను కట్టేసి, కుడితి పెట్టి, చీకటి పడ్డంక దొంగోని లెక్క ఏటికి వచ్చేటోడట. నాలుగు చేపలు దొరికితే ఇంట్ల కూర. లేకుంటే గట్క, ఎల్లిపాయ కారం. "నవ్వులెక్కడియి రా, బెండు దిక్కు చూస్తుంటే కడుపుల దేవినట్టు అయ్యేది" అన్నడు. ఈ మాట నాతోని ఎన్నడూ అనలే. ఆ పిలగాడు అడిగితే బయటికొచ్చింది.

మన ఉద్యమాలల్ల ఒక అలవాటున్నది. సెలవు తీసుకున్నోన్ని ద్రోహిని చూసినట్టు చూస్తం. అంబేద్కర్ ఫొటో పెట్టుకున్న గదులల్లనే ఈ మాట వినపడుతది, అదే నాకు విచిత్రం. వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబర్‌గ ఉన్నప్పుడు ఆయన పట్టుకున్న పనులల్ల ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతోని సెలవు ఒకటి. 1946ల ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 54 గంటల పనిని 48కి దించిన్రు. మిగిలిన గంటలు మనిషివి. చదువుకుంటడో, పండుకుంటడో, గాలమేస్తడో వాని ఇష్టం.

కాని ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు కాడనే ఆగింది. జీతగానికి గంటల లెక్క లేదు, ఆదివారం లేదు. వెట్టి రద్దు చట్టం 1976ల వచ్చేనాటికి చిన్నాయినకు మీసాలు మొలిచినయ్. అప్పటికీ ఆయన అదే కొట్టంల ఉన్నడు.

చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పని చెయ్యండి. మీ ఇంట్ల పెద్దోళ్ళను కూసోబెట్టి అడగండి, పని లేకుండ, భయం లేకుండ గడిచిన మొదటి రోజు వాళ్ళకు ఏ వయసుల దొరికిందో. వాళ్ళు ఏం జెప్పిన్రో కింద రాయండి. నేను అన్నీ చదువుత. వచ్చే ఆదివారం తప్ప, ఆ రోజు గూడ ఫోన్ ఎత్త.