వానలో డ్రాగన్ పడవ

హాంకాంగ్ సెంట్రల్లో ఎక్స్ఛేంజ్ స్క్వేర్ కింద ఉన్న బస్టాండులో సముద్రం ఒడ్డున ఉన్న స్టాన్లీకి వెళ్లే రెండంతస్తుల బస్సులు దొరుకుతాయి. మీరు వెళ్తే 260 ఎక్కకండి, అది సొరంగంలోంచి త్వరగా దింపేస్తుంది. 6వ నంబరు ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు పట్టుకోండి. చెట్ల కొమ్మలు అద్దానికి టపటపా తగులుతుంటే బస్సు కొండెక్కుతుంది. ఒక మలుపు తిరగ్గానే కింద సముద్రం! విశాఖలో పుట్టి పెరిగిన నాకు కొండా సముద్రమూ పక్కపక్కన ఉండటం కొత్త కాదు. అయినా లేచి నిలబడి చూశాను.

స్టాన్లీలో దిగాక బీచ్ ఎటో తెలియక మార్కెట్ సందుల్లో పడ్డాను. ఏ సందులోకి తిరిగినా పట్టు స్కార్ఫులు, బొమ్మలు, ముద్రలు చెక్కే కొట్లే. చివరికి తిన్‌హావ్ అమ్మవారి గుడి దగ్గర తేలాను. ఆవిడ సముద్రం మీదికి వెళ్లేవాళ్లను కాపాడే తల్లి, గుడి 1767 నాటిది. గోడ మీద పాతబడి నల్లబారిన పులి చర్మం ఉంది. 1942లో ఇక్కడి పోలీస్ స్టేషన్ ముందు ఆ పులిని కాల్చింది ఒక భారతీయ పోలీసట! ఇంత దూరం వచ్చి మనవాళ్ల జాడ అలా చూస్తే భలే అనిపించింది.

స్టాన్లీ వెళ్లింది డ్రాగన్ పడవల పందేనికి. హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న నా స్నేహితుడి ఆఫీసు జట్టులో మనుషులు తక్కువయ్యారు. అలా నాకు చోటు దొరికింది. ఇరవై మంది జంటలు జంటలుగా కూర్చుని తెడ్లు వేస్తారు. వెనక చుక్కాని పట్టే మనిషి నిలబడతాడు. ముందు డప్పు కొట్టే అమ్మాయి మా వైపు తిరిగి కూర్చుంది. ఆమె వెనక డ్రాగన్ తల. డ్రాగన్ పడవల పండగకు ముందు దాని కళ్లకు ఎర్రరంగు చుక్క పెట్టి ప్రాణం పోస్తారట. మన శిల్పులు విగ్రహానికి చివర్లో కళ్లు తెరిపించడం గుర్తొచ్చింది.

పడవ ఎక్కేలోపే వాన అందుకుంది. నేను కంగారుగా ఆకాశం చూస్తుంటే మా డప్పు అమ్మాయి హాయిగా నవ్వింది. ఈ పండగ రోజుల్లో ఏటా ఇలాగే కురుస్తుందట, దీన్ని డ్రాగన్ పడవ నీళ్లు అని పిలుస్తారట. పిడుగులు పడితే పందెం ఆపుతారు గానీ, ఉత్త వానకు కాదట. మనకు ఏరువాక సాగే రోజులివి. ఆకాశం దిగివస్తే సంబరపడటం మనకు మాత్రం తెలియనిదా!

"ఒరేయ్, బలం చూపించకు. ముందువాడి తెడ్డు చూడు, అంతే," అన్నాడు మావాడు.

తుంటి పడవ అంచుకు ఆనించాలి. నడుము వంచి చేయి ముందుకు చాచి, తెడ్డును నిలువుగా ముంచి వెనక్కి లాగాలి. ఈల పడగానే నలభై చేతులు ఒక్కసారి కదిలాయి. వాన కళ్లలోకి కొడుతోంది. పక్క పడవ ఎక్కడుందో తెలియదు. కాళ్ల కింద చీలమండల దాకా నీళ్లు, అందులో వాననీరెంతో సముద్రపు నీరెంతో! కాసేపటికి ముందువాడి వీపు కూడా కనబడలేదు. డప్పు దెబ్బ మాత్రం వినిపిస్తోంది. ఆ దెబ్బకు తెడ్డు దిగిన ప్రతిసారీ పడవ కాస్త పైకి లేచి ముందుకు జారడం కూర్చున్న చెక్కలోంచి ఒంటికి తెలుస్తోంది. మా రౌండులో మూడో స్థానం వచ్చింది. గెలిచినవాళ్లకంటే మేమే ఎక్కువ అరిచాం.

ఒడ్డున టెంటు కింద తడి బట్టలతోనే తిండి. జోంగ్జీ అంటే జిగురు బియ్యాన్ని వెదురాకుల్లో మూటకట్టి ఉడికించింది. దారం విప్పి ఆకు ఒలిస్తే వేడి ఆవిరితో ఆకు వాసన గుప్పుమంది. పనసాకుల్లో ఉడికిన కోనసీమ పొట్టిక్క విప్పినట్టే ఉంది. లోపల పెసరపప్పు, ఉప్పులో ఊరిన గుడ్డు పచ్చసొన, పంది మాంసం. శాకాహారులు ముందే అడగండి, పప్పు మాత్రమే పెట్టినవీ దొరుకుతాయి.

తింటుండగా ఆ అమ్మాయే కథ చెప్పింది. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటి కవి, మంత్రి చ్యూ యువాన్. రాజసభ నుంచి వెలివేయబడి, రాజధాని శత్రువుల పాలైందని విని మిలువో నదిలో దూకాడు. ఊరివాళ్లు పడవలేసుకుని వెతికారు. చేపలు ఆయన్ను ముట్టకుండా డప్పులు కొట్టి, అన్నం నీళ్లలో వేశారు. చేతిలో ఉన్న అన్నం మూటకూ, మేం లాగిన తెడ్డుకూ మూలం ఒకటేనని అప్పుడు తెలిసింది.

చైనా చాంద్రమానంలో ఐదో నెల ఐదో రోజు ఈ పండగ. చాలా ఏళ్లలో మన జ్యేష్ఠ శుద్ధ పంచమికి ఒకటి రెండు రోజుల అటూ ఇటూగా పడుతుంది, పంచాంగం చూసుకోండి. హాంకాంగ్ వెళ్లే భారతీయులు ప్రవేశానికి ఆన్‌లైన్లో ముందస్తు నమోదు చేసుకోవాలి. స్టాన్లీ ఒడ్డున నిలబడి చూడటానికి టికెట్టు లేదు. మారు బట్టలు, ఫోనుకు ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి. వాన పడుతోందని హోటల్ గదిలో మాత్రం ఉండిపోకండి.